పీచ్ చెట్లు ఎవరు నాటారు

ఆ ఫైలు నా బల్ల మీద పడేసిన రోజే నాకు ఒళ్ళు మండింది. ఇవ్వడం కాదు, పడేయడమే. మా కంపెనీలో సలహాదారుగా ఉన్న అమెరికన్ పెద్దమనిషి, కాంట్రాక్టు ముగిసి ఇంకో మూడు నెలల్లో ఒమన్ వదిలి వెళ్ళబోతూ, ఆఫీసు పని పక్కన పెట్టి సొంత వంశ చరిత్ర రాసుకోవడం మొదలుపెట్టాడు. అల్ మవాలేలోని మా ఆఫీసులో సైటు డ్రాయింగులు, ఉత్తరాలు తారుమారు కాకుండా చూసుకోవడం నా డ్యూటీ. వంశ చరిత్రలు టైపు చేయడం అందులో లేదు. ఆ మాటే అన్నాను. "నీకు ఖాళీ ఉన్నట్టుందే" అన్నాడు, నా వైపు చూడకుండానే. పోయే మనిషితో పేచీ ఎందుకు, చేసిపెట్టెయ్యమని పైవాళ్ళు చెప్పారు.

ఫైల్లో ఉన్నవన్నీ పాత కాగితాల నకళ్ళు. అమెరికా అనే దేశం అప్పుడప్పుడే పుడుతున్న రోజుల్లో ఈయన పూర్వీకుడు ఒకడు ఊరిదండులో కెప్టెన్. జీతాలు తీసుకునే సైన్యం కాదది. పొలం పనులు చేసుకునేవాళ్ళే, పిలుపు వస్తే తుపాకులు పట్టుకుని బయల్దేరే దండు. యుద్ధం అయిపోయాక ఆ కెప్టెన్ పెళ్ళాం పిల్లలతో కొండలు దాటి, ఒక నది లోయలో స్థిరపడ్డాడు. అలాంటి కెప్టెన్ల వారసులకు అక్కడ ఒక సంఘం ఉందట. అందులో చేరాలంటే ఫలానావాడి కొడుకుకు కొడుకునని ఒక్కో తరానికీ కాగితం చూపించాలి. మా పెద్దమనిషి కోరిక అదీ. కాగితాలన్నీ వరుసలో పెట్టి, ముందు ఒక గొప్ప కథ చేర్చి, పుస్తకం కట్టించుకుని ఇంటికి పట్టుకెళ్ళాలి.

మొదటి పేజీ నుంచే ఆ కెప్టెన్ నాకు నచ్చలేదు. "ఒక భుజాన గొడ్డలి, ఒక భుజాన తుపాకీ వేసుకుని, మనిషి అడుగు పడని అడవిలోకి మొదటగా నడిచిన సెట్లర్" అని ఈయన రాత. సెట్లర్ అన్న మాటను ప్రతిచోటా పెద్దక్షరాల్లో పెట్టమన్నాడు. నాలుగు తరాల పెద్దకొడుకులకీ ఒకే పేరు. ఎవడు ఎవడో తెలియక పెన్సిలుతో ఒకటి, రెండు, మూడు అని వేసుకున్నాను. ఆడవాళ్ళకి ఆ పేరు కూడా లేదు, "పైన చెప్పినవాని భార్య" అంతే. కెప్టెన్ వీలునామాలో భార్యకు ఒక మంచం, ఒక గుర్రం, మళ్ళీ పెళ్ళి చేసుకోనంతకాలం వంటింట్లో చోటు. ఆస్తుల జాబితాలో ఇనప కళాయి తర్వాత, గుర్రానికి ముందు, పేరు లేని ఒక నల్లజాతి ఆడమనిషి. ఆ వరుస టైపు చేసి, లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను. ఇది పుస్తకంలో ఉంటుందా అని అడిగాను. "ఆ రోజుల్లో అందరూ అంతే" అన్నాడు, ఆ పేజీ తీసి తన సంచీలో పెట్టుకుంటూ. అది మళ్ళీ నా బల్ల మీదికి రాలేదు.

తర్వాత భూమి దస్తావేజు వచ్చింది. దస్తావేజులు చదవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మా నాన్న వ్యవసాయం చేసేవారు. ఇంటికి ఏ కాగితం వచ్చినా నన్ను కూర్చోబెట్టి, తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం అని హద్దులు పైకి చదివించేవారు. అందుకని కెప్టెన్ భూమి హద్దులు కూడా మనసులో పైకి చదువుకుంటూ టైపు చేశాను. "పాత పొలంలో వరుసగా ఉన్న పీచ్ చెట్ల దగ్గర మొదలై, అక్కడి నుంచి వాగు వెంట..." అని ఉంది. చెయ్యి ఆగిపోయింది.

కాగితం పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళాను.

"ఆ లోయలోకి మొదట వచ్చింది మీ కెప్టెనే కదా సర్. మరి ఈ పీచ్ చెట్లు ఎవరు నాటారు?"

"పక్షులు గింజలు పడేస్తాయి" అన్నాడు.

"వరుసగానా?"

అప్పుడు తలెత్తి చూశాడు. మనిషి అడుగు పడని అడవిలో పాత పొలం ఎక్కణ్ణుంచి వచ్చిందని కూడా అడిగాను. నాకు కోపం వస్తే ఒక ప్రశ్నతో ఆగను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "నిన్ను టైపు చేయమన్నాను, చదవమనలేదు" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి మా అమ్మాయికి ఈ కథంతా చెప్పి పగలబడి నవ్వాను. ఎవరో దున్ని, ఎవరో నాటి, కాపు కాస్తున్న తోటలోకి తుపాకీతో దిగి, అడవి నరికాను అని చెప్పుకునే మనిషి! అదీ ఇన్ని తరాలుగా! వాళ్ళకు సిగ్గు ఎందుకు ఉండదో అన్నాను. మా అమ్మాయి పన్నెండో తరగతి పుస్తకంలోంచి తల ఎత్తకుండానే "ఊఁ" అంది. ఆ నవ్వు నా మొహాన కొట్టడానికి ఎన్నో రోజులు పట్టలేదు.

మా ఆఫీసు బండి నడిపేది నిజామాబాద్ వైపు మనిషి. అంతకుముందు ఒమన్‌లోనే ఇబ్రిలో భవనాల సైట్లలో పనిచేసి, లైసెన్సు తెచ్చుకుని డ్రైవరయ్యాడు. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. చేరిన కొత్తల్లో ఒకరోజు బండిలో నేను నాన్నతో ఫోన్లో మాట్లాడి పెట్టేయగానే, అద్దంలోంచి చూస్తూ అడిగాడు.

"మేడం, మీది క్యాంపా?"

అవునన్నాను.

"మాది పక్కపొంటి ఊరే" అన్నాడు. అంతే. ఇంకొకరైతే పరాయిదేశంలో సొంత ఊరి మనిషి దొరికాడని సంబరపడేవారు. మేమిద్దరం ఆ రోజు నుంచి అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడుకోలేదు.

ఎందుకో చెప్పాలి. నిజాం కాలంలో మా వైపు పెద్ద ఆనకట్ట కట్టి కాలువలు తవ్వారు. వరి పండించడం తెలిసిన రైతుల్ని కోస్తా జిల్లాల నుంచి రానిచ్చారు. అలా కృష్ణ ఒడ్డు నుంచి మా తాత బండ్లు కట్టుకుని వచ్చాడు. వచ్చినవాళ్ళు పాత ఊళ్ళో కాకుండా, పొలాల్లోనే గుడిసెలు వేసుకుని ఉన్నారు. అది క్యాంపు అయింది. ఇప్పుడు మేడలు కట్టినా క్యాంపే. అక్కడే పుట్టి, అక్కడే బడికెళ్ళి, అయినా "మీరు సెట్లర్లు" అనిపించుకుంటూ పెరిగాను. అమెరికన్ పెద్దమనిషి పెద్దక్షరాల్లో వేయించుకున్న ఆ మాట మా నాన్న ముందు ఎవరైనా అంటే ఆయన భోజనం దగ్గర నుంచి లేచిపోయేవారు.

డ్రైవర్ని నేను నువ్వు అనేదాన్ని. అతను నన్ను మీరు అనేవాడు. మిగతా డ్రైవర్లను నేను మీరనే అంటానని నాకు తట్టనే లేదు, అతనే ఒకరోజు గుర్తు చేశాడు. "పర్వలేదు మేడం, క్యాంపుల అందరు మమ్ముల నువ్వే అంటరు. మాకు అలవాటే" అన్నాడు, గేరు మారుస్తూ. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ తర్వాత కూడా పంతం కొద్దీ నువ్వు అనే అన్నాను.

ఇలా ఉండగా మా అమ్మాయి సీటు గొడవ వచ్చింది. ఆమెకు డాక్టరీ చదవాలని ఉంది. పుట్టింది, చదివింది మస్కట్‌లోనే కాబట్టి, తెలంగాణలో స్థానికురాలని చూపించాలంటే మా కుటుంబం ఆ ఊరిదేనని తహసీల్దారు దగ్గర నుంచి పత్రం రావాలి. అది లేకపోతే బయటివాళ్ళ కోటాలో కొట్టుకోవాలి. అంత చదువు కొనే స్తోమత మాకు లేదు. అంటే ఆ పత్రం వస్తే డాక్టరీ, రాకపోతే లేదు. మా అమ్మాయి తన టేబుల్ మీద గోడకు గడువు తేదీ రాసి అంటించుకుంది.

ఊళ్ళో నాన్న దరఖాస్తు పట్టుకుని తిరిగారు. ఎప్పటి నుంచి, ఎలా ఆ ఊళ్ళో ఉంటున్నారో వివరంగా రాసి, కింద దరఖాస్తుదారు సంతకంతో పాటు ఊరిమనిషి సాక్ష్యం పెట్టమన్నారు. నాన్న క్యాంపులో ఇద్దరి చేత పెట్టించి తీసుకెళ్తే అక్కడి గుమస్తా, "క్యాంపోళ్లకు క్యాంపోళ్లే సాక్ష్యమైతె ఎట్ల సార్? పాత ఊరోళ్లది గావాలె, మీ హద్దుదారుదైతె ఇంక మంచిది" అన్నాడట. మా చెలకకు, అంటే మెట్టపొలానికి, పడమటి హద్దు ఒక ముసలాయనది. ఆ ఊళ్ళో ఇప్పుడు బతికున్నవాళ్ళలో పెద్దవాడు. నాన్న ఫోన్లో చెప్పిన ఆ పేరు నేను తిరిగి పలకగానే బండి నడుపుతున్న డ్రైవరు వీపు బిగుసుకోవడం చూశాను.

"మా నాయన" అన్నాడు, నేను అడగకముందే.

నాన్నకు ఆ ఇంటికి వెళ్ళడం ఇష్టం లేదు. ఇన్నేళ్ళ పక్కపొలం, ఒకరింటికి ఒకరు పెళ్ళికీ చావుకీ కూడా వెళ్ళలేదు. "వాళ్ళబ్బాయి నీ దగ్గరే ఉన్నాడుగా, నువ్వే అడిగించు" అన్నారు. రాసిన కాగితం ఫొటో తీసి పంపారు. నాన్న చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. రెండు పేజీలు రాశారు. అడవి నరికిన సంగతి, పాములు, మలేరియా, మా తాత చేతుల బొబ్బలు, అన్నీ ఉన్నాయి. మొదటి పేజీ చివర "మా తండ్రిగారు అడవిని నరికి, బావి తవ్వించి, ఆ బీడును సాగులోకి తెచ్చినారు" అని ఉంది. నాకు ఏమీ అనిపించలేదు. పుట్టినప్పటి నుంచీ విన్న మాటే కదా. పీచ్ చెట్లు పట్టుకుని ఒకణ్ణి నిలదీసిన నేనే దాన్ని చదివి, అక్షర దోషం ఒకటి ఉంటే దిద్దమని తిరిగి పంపాను.

మర్నాడు ఖురియాత్ సైటుకు డ్రాయింగులు తీసుకెళ్ళే పని పడింది. మా ఇద్దరిదీ గంటన్నర ప్రయాణం. కొండల్లోకి ఎక్కాక అడిగాను. నాకు ఎవరినైనా అడగడం అంటే తల కొట్టేసినట్టుంటుంది, అందులోనూ అతన్ని.

"మీ నాయన వేలిముద్ర వెయ్యాలి. మా అమ్మాయి చదువు దాని మీదే ఉంది."

"ఏస్తడు మేడం" అన్నాడు. మలుపు తిప్పుతూ, "గని కాగితం సదివిచ్చుకుంటడు. సదవకుంట దేనికి ఎయ్యడు. ఒకసారి అట్ల ఏసి భూమి పోగొట్టుకున్నరు మావోళ్లు" అన్నాడు.

ఎవరికి పోగొట్టుకున్నారని నేను అడగలేదు. బండి పక్కకు ఆపి, ఫోను కలిపి, స్పీకరు పెట్టి డాష్‌బోర్డు మీద పెట్టాడు. అవతల ముసలాయన గొంతు సన్నగా, స్పష్టంగా వచ్చింది. కొడుకు సంగతి చెప్పాడు. నేను ఫోన్లో ఫొటో తెరిచి చదవడం మొదలుపెట్టాను. ఆయన ఎక్కడా అడ్డురాలేదు. పాములకు అడ్డురాలేదు, మలేరియాకు అడ్డురాలేదు. "...అడవిని నరికి, బావి తవ్వించి..." అని నేను చదవగానే,

"ఆగు బిడ్డా. ఏ బాయి?" అన్నాడు.

నాకు విసుగొచ్చింది. ఆ చెలకలో ఉన్నదే ఒక బావి. పక్క పొలం మనిషికి తెలియకపోవడం ఏమిటి? "అదే పెద్దయ్యా, గడ్డమీదోళ్ల బావి" అన్నాను.

మా క్యాంపులో ప్రతి మడికీ, ప్రతి బావికీ ఒక పేరుంటుంది. కొన్నప్పుడు ఎవరిదైతే వాళ్ళ పేరే. గడ్డమీదోళ్ల బావి దగ్గర మోటారు వెయ్యి, గడ్డమీదోళ్ల చెలకలో కలుపు ఉంది, అని పొద్దున్న లేస్తే అనేవాళ్ళం. ఆ బావిలో ఎండు సొరకాయ నడుముకు కట్టుకుని ఈత నేర్చుకున్నాను. గడ్డమీదోళ్లు అంటే మనుషులని నాకు ఏనాడూ తోచలేదు. అది బావి పేరు, అంతే.

"మేమే బిడ్డా, గడ్డమీదోళ్లం" అన్నాడు ముసలాయన.

డ్రైవరు ఎదుటి కొండను చూస్తున్నాడు. నేను "తెలీదు పెద్దయ్యా" అని గొణిగాను. నాకే వినపడనంత మెల్లగా అన్నాను. ఆయన విన్నాడు.

"నీకు తెల్వదు, చిన్నదానివి. మీ నాయనకు ఎర్కనే" అన్నాడు. "మా తాత, మా పెద్దతాత, ఇద్దరన్నదమ్ములు తవ్విండ్రు. అంచు బండకు తాడు గాట్లున్నయ్, చూసినవా?"

చూశాను. బావి అంచున ఉన్న బండకు, చేద తాడు ఒరిసి ఒరిసి పడ్డ గాట్లు. చిన్నప్పుడు నా వేలు పూర్తిగా అందులో దిగేది. మా తాత ఏనాడూ చేదతో నీళ్ళు తోడలేదు. వచ్చిన ఏడాదే ఆయిల్ ఇంజను బిగించాడని మా ఇంట్లో గొప్పగా చెప్పుకుంటారు. ఆ రెండు సంగతులూ నా తలలో నలభై ఏళ్ళుగా పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాన్నొకటి పలకరించుకోలేదు. ఆయన అడిగిన ఆ నిమిషంలో అమెరికన్ గది, ఆయన కళ్ళజోడు, వరుసగానా అని నేను అడిగిన తీరు అన్నీ గుర్తొచ్చి చెంపలు కాలాయి.

"అడివి నరికిండ్రంటె నరికిండ్రు, ఒక దిక్కు ఉండె కొంచెం. దానికి నేనేమన" అన్నాడు ముసలాయన. "బాయి మాట మార్చుర్రి. మార్చితె ముద్ర ఏస్త. పిల్ల సదువుకుంటదంటె నేనెందుకొద్దంట? సదువుకోనియ్యుర్రి."

ఫోను పెట్టేశాక డ్రైవరు బండి కదిలించాడు. నువ్వు ముందే ఎందుకు చెప్పలేదని అతని మీద విరుచుకుపడ్డాను. "మీరు అడగలే మేడం" అన్నాడు.

నిజమే. రెండేళ్ళు ఒకే బండిలో తిరిగి, మీ ఇల్లు ఊళ్ళో ఎక్కడ అని అడగలేదు. అడిగితే గడ్డ మీద అని చెప్పేవాడు.

నాన్నతో ఆ రోజు జరిగిన గొడవ మా ఇద్దరి మధ్యా అంతకుముందు ఎప్పుడూ జరగలేదు. మొదట బావి పాడుబడి ఉంటే మళ్ళీ తవ్వించారు అన్నారు. తర్వాత పూడిక తీయించారు అన్నారు. పూడిక తీయడం తవ్వడం కాదు నాన్నా అంటే ఫోను పెట్టేశారు. పది నిమిషాలకు ఆయనే చేశారు.

"ఊరికే తీసుకున్నామా? డబ్బిచ్చి కొన్నాం. వాళ్ళకి వరి నాటటం కూడా రాదు. మా నాన్న రక్తం ధారపోశాడు ఆ నేల మీద."

"కొన్నామనే రాయండి. తవ్వామని రాయొద్దు."

"ఆ మాట తీసేస్తే ఇంక మనకేం మిగిలిందే అక్కడ? రేపు ప్రతివాడూ ఎగేసుకుని వస్తాడు, మీదేం లేదిక్కడ అని. ఇప్పటికే అంటున్నారు."

అది ఆయన భయం. దాన్ని నేను తీసిపారెయ్యలేను. సెట్లర్ అన్న మాటతో ఆయన్ని బజార్లో ఎలా అవమానించారో చిన్నప్పుడు కళ్ళారా చూశాను. కానీ నాకు ఆయన మీద జాలి పడే తీరిక లేదు. ఆ వాక్యం ఉంటే ముసలాయన వేలిముద్ర వెయ్యడు, తీసేస్తే నాన్న సంతకం పెట్టరు. గోడ మీద గడువు తేదీ అలాగే ఉంది. నా కూతురి బతుకు ఇద్దరు ముసలాళ్ళ మధ్య ఒక బావిలో వేలాడుతోంది. వాళ్ళిద్దరి మీదా, ఆ డ్రైవరు మీదా, ఎప్పుడో చచ్చిపోయిన కెప్టెన్ మీదా కోపంతో రెండు రోజులు ఇంట్లో గిన్నెలు ఎత్తి కుదేశాను.

మూడో రోజు నేనే రాశాను. నాన్న రాసిన పాముల్నీ మలేరియానీ అలాగే ఉంచాను. అవి నిజం. మొదటి పేజీ చివరి వాక్యం మాత్రం మార్చాను. "ఈ భూమిని మా తండ్రిగారు గడ్డమీద ఇంటివారి వద్ద కొన్నారు. అందులోని బావి వారి పెద్దలు తవ్వినది. ఆ నీళ్ళతోనే మేము మొదటి పంట పండించినాము." టైపు చేసి పంపి, కింద ఒక మాట కలిపాను. మీరు సంతకం పెట్టకపోతే మీ మనవరాలికి కారణం మీరే చెప్పండి అని. కన్నతండ్రికి రాయాల్సిన మాట కాదు. రాశాను. ఆయన నుంచి జవాబు లేదు.

ఆ వారమే అమెరికన్ పుస్తకం పూర్తయింది. దస్తావేజు మొత్తం వెనక అనుబంధంలో ఉండాలని మొదట ఆయనే అన్నాడు. ఇప్పుడు హద్దుల భాగం తీసెయ్యమన్నాడు, చదివేవాళ్ళకు విసుగట. తీయనన్నాను. పుస్తకం మీది, తీసెయ్యాలంటే మీరే తీసెయ్యండి, నా చేత్తో మాత్రం తీయను అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది. ఈ దేశంలో నా ఉద్యోగం గురించి ఒక మాట అన్నాడు, ఆ మాట ఇక్కడ రాయను. చివరికి ఫైలు పెన్‌డ్రైవులో ఎక్కించుకుని బయట టైపింగ్ సెంటరుకు పట్టుకెళ్ళాడు. నీలం అట్టతో, బంగారు అక్షరాలతో కట్టించి తెచ్చిన పుస్తకం ఒకటి ఆఫీసులో అందరికీ చూపించాడు, నాకు తప్ప. ఆయన గదిలో లేనప్పుడు తెరిచి చూశాను. పీచ్ చెట్లు లేవు. వాటిని నాటిన అక్కడి ఆదివాసుల మనవలు ఎక్కడున్నారో, ఉన్నారో లేదో కూడా నాకు తెలియదు. ఉన్నా, ఈ కాగితం చదివి వినిపించు అని ఆయన్ని అడిగేవాళ్ళు ఎవరూ ఆ మవాలే ఆఫీసుకు రారు. ఆయన నిశ్చింతగా విమానం ఎక్కాడు.

అది జరిగిన మూడు రోజులకు, పొద్దున్న ఆఫీసుకు వెళ్తుంటే, డ్రైవరు సిగ్నల్ దగ్గర తన ఫోను వెనక్కి చాచాడు. "మా తమ్ముడు పంపిండు మేడం. ముద్ర అయింది."

వీడియో. పాత ఊళ్ళో ఒక ఇల్లు. గడ్డ మీదే ఉంది. అరుగు మీద ముసలాయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆయనకు ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో మా నాన్న, ఇస్త్రీ చొక్కాతో, కాళ్ళు దగ్గరగా పెట్టుకుని. జీవితంలో మొదటిసారి ఆయన ఆ గడప ముందు కూర్చున్నారు. చేతిలో నేను పంపిన కాగితం. పైకి చదువుతున్నారు, చిన్నప్పుడు నాచేత హద్దులు చదివించినట్టే ఒక్కో మాటా విడదీసి. పాములు చదివారు. మలేరియా చదివారు. మొదటి పేజీ చివరికి వచ్చేసరికి గొంతు సవరించుకున్నారు.

"...అందులోని బావి వారి పెద్దలు తవ్వినది."

ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఇనవడలే సారూ. మల్ల సదువు."

నాన్న మళ్ళీ చదివారు, కొంచెం గట్టిగా. అరుగు కింద ఎవరో నలుగురు చేరి నిలబడ్డారు.

"మల్ల సదువు" అన్నాడు ముసలాయన.

మూడోసారి చదివేటప్పుడు నాన్న కాగితం చూడలేదు. ఆయన్నే చూస్తూ, బయట నిలబడ్డవాళ్ళందరికీ వినపడేట్టు చెప్పారు. చెప్పి, జేబులోంచి పెన్ను తీసి ముందు తన సంతకం పెట్టి, కాగితం అరుగు మీదకు జరిపారు. ముసలాయన బొటనవేలు ఇంకు డబ్బాలో అద్ది, నిదానంగా నొక్కాడు. నొక్కాక కూడా వేలు వెంటనే తీయలేదు.

వీడియో అయిపోయింది. మా అమ్మాయికి పత్రం వస్తుంది. నాకు సంతోషంగా ఉండాలి. ఉంది కూడా. కానీ మా నాన్నను ఊరి ముందు కూర్చోబెట్టి మూడుసార్లు చదివించారన్న కోపం ఆగలేదు. ఆ కోపానికి నాకు హక్కు ఉందో లేదో తెలియదు, అయినా వచ్చింది. కొండల్లో బండి ఆపిన రోజు, నాకే వినపడకుండా నేను గొణిగిన మాట ఫోన్లో విన్న మనిషి ఆయన.

ఫోను ముందుకు ఇచ్చేస్తూ, అతన్ని మొదటిసారి మీరని అడిగాను.

"మీ నాయనకు చెవుడా?"

అప్పటికి ఇంకో సిగ్నల్ దగ్గర ఉన్నాం, పచ్చలైటు పడింది. బండి కదిలించి, అద్దంలోకి చూడకుండా చెప్పాడు.

"లేదు మేడం. మంచిగనే ఇనవడ్తది."